వెళ్లొద్దని ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లు క్లబ్బులు మారే కాలం, దగ్గరపడగానే క్రీడా పేజీల్లో ఒకే తరహా ఫొటో కనిపిస్తుంది. క్లబ్ గేటు ముందు అభిమానుల గుంపు, చేతుల్లో అట్టలు, వాటి మీద ‘మమ్మల్ని వదిలి వెళ్లొద్దు’ అన్న రాతలు. ఆ ఫొటో చూసి జాలిపడేవాళ్లున్నారు, ఎగతాళి చేసేవాళ్లూ ఉన్నారు. మాకు రెండూ తగవనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే జెర్సీలో చూసిన ఆటగాణ్ని ఉండిపొమ్మని అడగడం అభిమానుల హక్కు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా బాధల్లా ఒక్కటే: ఆ విన్నపం చాలాసార్లు ఆలస్యంగా, అదీ వేరే గుమ్మం ముందు జరుగుతోంది. ఎప్పుడు, ఎవరిని, ఎలా అడిగితే ఫలితం ఉంటుందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందుగా చూడాల్సింది కాంట్రాక్టులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయన్నది. ఫిఫా నిబంధనల ప్రకారం గడువు ఆరు నెలల్లో ముగుస్తుందనగా ఆటగాడు వేరే క్లబ్బుతో నేరుగా మాట్లాడుకోవచ్చు. గడువు తీరాక అతని కోసం ఎవరూ పాత క్లబ్బుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టనక్కర్లేదు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఈ స్వేచ్ఛ వచ్చింది. దాంతో క్లబ్బుల లెక్క మారిపోయింది. ఆటగాడికి రెండేళ్లు మిగిలి ఉన్న వేసవిలో కొత్త సంతకం పడకపోతే యాజమాన్యం ముందు మూడు దారులే ఉంటాయి. వెంటనే మంచి ధరకు అమ్మడం, మరుసటి వేసవిలో తగ్గించి అమ్మడం, లేదా ఊరికే వదులుకోవడం. అంటే అసలు నిర్ణయం ఆ రెండేళ్ల గీత దగ్గరే జరుగుతుంది. గేటు ముందు గుంపు చేరేది మాత్రం ఒక ఏడాదో ఆరు నెలలో మిగిలినప్పుడు.

హ్యారీ కేన్ విషయం చూడండి. 2018లో టోటెన్‌హామ్‌తో ఆరేళ్లకు, అంటే 2024 దాకా సంతకం చేశాడు. 2021 వేసవిలో మాంచెస్టర్ సిటీకి వెళ్లాలనుకున్నాడు. ఇంకా మూడేళ్లుండటంతో క్లబ్ ససేమిరా అంది, అతను ఆగిపోయాడు. 2023 వేసవి నాటికి మిగిలింది ఏడాదే. బయర్న్ మ్యూనిక్ వచ్చి తీసుకెళ్లిపోయింది. అభిమానుల ప్రేమ రెండు వేసవుల్లోనూ ఒకటే. మారింది మిగిలిన ఏళ్ల సంఖ్య. అదే బయర్న్ అంతకుముందు ఏడాది, కాంట్రాక్టు ఇంకో సంవత్సరమే ఉందని, లెవాండోస్కీని దాదాపు 4.5 కోట్ల యూరోలకు బార్సిలోనాకు ఇచ్చేసింది.

కాబట్టి మూడేళ్లు మిగిలి ఉండగానే గొంతెత్తాలి. అప్పుడు ఎవరూ గొడవ పడరు, పత్రికల్లో వదంతులుండవు, ఆటగాడు గోల్స్ కొడుతుంటాడు, అందరూ సంతోషంగా ఉంటారు. సరిగ్గా అందుకే అప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాదు.

ఇక ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు ఇటలీ క్లబ్ మిలాన్‌లో ఆడిన కాకా ఉదంతాన్ని మించిన జవాబు మాకు తెలియదు. 2009 జనవరిలో మాంచెస్టర్ సిటీ అతని కోసం దాదాపు 10 కోట్ల పౌండ్లు ఇవ్వజూపింది. మిలాన్ అభిమానులు క్లబ్ కార్యాలయం దగ్గర, అతని ఇంటి దగ్గర గుమిగూడారు. అతను ఆ బేరం కాదన్నాడు, ఇంటి కిటికీలోంచి మిలాన్ జెర్సీ ఊపి చూపించాడు. వీధిలో పండగ జరిగింది. అదే ఏడాది జూన్‌లో అదే ఆటగాణ్ని మిలాన్ దాదాపు 6.7 కోట్ల యూరోలకు రియల్ మాడ్రిడ్‌కు అమ్మింది. కారణం క్లబ్ ఆర్థిక పరిస్థితి. జనవరిలో అభిమానులు ఆటగాడి మనసు గెలిచారు, కానీ అమ్మాల్సిన అవసరం ఆటగాడిది కాదు, క్లబ్బుది. ఆ అవసరం అలాగే ఉండిపోయింది. ఐదు నెలలు దొరికాయి. ఆ ఐదు నెలల్లో అడగాల్సిన ప్రశ్న యాజమాన్యాన్ని: లోటు ఎంత, దాన్ని ఎలా పూడుస్తారు, కాకాను అమ్మకుండా పూడ్చే మార్గం ఉందా?

ఇక్కడ క్లబ్బుల లెక్కల పుస్తకం సంగతి కాస్త చెప్పాలి. ఇది తెలియకనే చాలామంది మోసపోతారు. ఒక క్లబ్ 10 కోట్ల యూరోలు పెట్టి ఆటగాణ్ని కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే, ఆ ఖర్చును ఏడాదికి 2 కోట్ల చొప్పున రాస్తుంది. రెండేళ్ల తర్వాత పుస్తకంలో అతని విలువ 6 కోట్లు. అప్పుడు 7 కోట్లకు అమ్మితే లాభం కోటే. అదే సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడైతే కొనుగోలు ఖర్చు లేదు, పుస్తకంలో విలువ సున్నా. 7 కోట్లకు అమ్మితే ఆ 7 కోట్లూ లాభమే. ఆదాయవ్యయాల నిబంధనలు బిగుసుకున్న కొద్దీ నిఖార్సైన లాభం కోసం క్లబ్బుల చూపు సొంత పిల్లల మీద పడుతుంది. అభిమానులకు ఎవరు ప్రాణమో, లెక్కల గుమాస్తాకు అమ్మడానికి వాళ్లే అనువు. యూరప్ టోర్నీల్లో ఆడే క్లబ్బులు ఆటగాళ్ల, కోచ్‌ల జీతాలు, కొనుగోళ్ల వార్షిక ఖర్చు, ఏజెంట్ల ఫీజులు అన్నీ కలిపి ఆదాయంలో 70 శాతం దాటకూడదని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నియమం. ఆ పరిమితికి ఆనుకుని నడిచే క్లబ్బులో జూన్ 30, అంటే చాలా క్లబ్బుల లెక్కలు ముగిసే రోజు, దగ్గరపడుతుంటే అకాడమీ కుర్రాడి పేరు వదంతుల్లోకి వచ్చిందంటే నమ్మాల్సిన సూచనే. అప్పుడు ఆ కుర్రాణ్ని ‘వెళ్లకు’ అని బతిమాలడం అన్యాయం. అతను వెళ్లడం లేదు, పంపుతున్నారు.

కొత్త సంతకం పడింది కదా అని పటాసులు కాల్చే ముందు అందులోని షరతు కూడా కనుక్కోవాలి. జాక్ గ్రీలిష్ 2020 సెప్టెంబర్‌లో ఆస్టన్ విల్లాతో ఐదేళ్ల కాంట్రాక్టు మీద సంతకం చేశాడు. చిన్నప్పటి నుంచీ విల్లా అభిమాని, కెప్టెన్. ఇక ఎక్కడికీ పోడనుకున్నారు. ఆ కాంట్రాక్టులో 10 కోట్ల పౌండ్ల రిలీజ్ క్లాజ్, అంటే ఆ మొత్తం కడితే ఆటగాణ్ని వదలాలన్న షరతు, ఉంది. 2021 ఆగస్టులో మాంచెస్టర్ సిటీ ఆ మొత్తం కట్టింది, క్లబ్ చేయగలిగింది లేకపోయింది. స్పెయిన్‌లోనైతే వృత్తి ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో ఈ క్లాజ్ ఉండటం పరిపాటి. 2000లో ఫీగోను బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్ తీసుకెళ్లింది దీంతోనే, 2017లో నేమార్ కోసం పారిస్ క్లబ్ 22.2 కోట్ల యూరోలు కట్టిందీ దీంతోనే. అలాంటి చోట డబ్బు కట్టేవాడు, వెళ్లాలనుకునే ఆటగాడు ఇద్దరూ సిద్ధంగా ఉంటే యాజమాన్యం అనుమతితో పని లేదు. కాబట్టి అభిమానులు అడగాల్సింది క్లాజ్‌లో మొత్తం ఎంత, అది ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఏయే క్లబ్బులకు వర్తిస్తుంది అన్నవి. అన్నిటికీ జవాబు రాదు. అయినా అడగాలి.

తేదీ ఎంత ముఖ్యమో 2020లో బార్సిలోనాలో మెస్సీ ఉదంతంలో తెలిసింది. సీజన్ చివర ఊరికే వెళ్లిపోవచ్చన్న వెసులుబాటు అతని కాంట్రాక్టులో ఉంది, కానీ జూన్ 10లోగా చెప్పాలి. కరోనా వల్ల ఆ సీజన్ ఆగస్టు దాకా సాగింది. ఆగస్టు 25న అతను నోటీసు పంపాడు. గడువు దాటిందని క్లబ్ అంది, స్పెయిన్ లీగ్ కూడా 70 కోట్ల యూరోల క్లాజ్ కట్టాల్సిందేనంది. కోర్టుకెక్కడం ఇష్టం లేక సెప్టెంబర్ 4న ఉంటున్నానని ప్రకటించాడు. అప్పుడు బార్సిలోనా అభిమానులు చేసిన పని మాకు చాలా నచ్చుతుంది. మైదానం బయట నినాదాలిస్తూనే క్లబ్ నియమావళి తెరిచారు. అది సభ్యుల సొంత క్లబ్. నిర్ణీత సంఖ్యలో సభ్యులు సంతకాలు చేస్తే అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెట్టవచ్చు. కావాల్సినవి 16,520 సంతకాలు, పోగైనవి 20 వేలకు పైగా. ఓటింగ్ దాకా రాకుండానే అక్టోబర్ 27న అధ్యక్షుడు బార్తొమేవు రాజీనామా చేశాడు. అయినా 2021 ఆగస్టులో మెస్సీ వెళ్లక తప్పలేదు. అతను ఉండటానికి ఒప్పుకున్నా, లీగ్ జీతాల పరిమితిలో అతన్ని నమోదు చేయడానికి క్లబ్బుకు చోటు మిగల్లేదు. ఖజానా ఖాళీ అయ్యాక ఆటగాడి ఇష్టం, అభిమానుల సంతకం రెండూ చాలవు. ఆ ఖజానాను ముందు నుంచీ కాపలా కాయాలి.

ఉండిపోయిన వాళ్లెందుకు ఉన్నారన్నది కూడా చూడాలి. 2016 జూన్‌లో ఆర్సెనల్ క్లాజ్ మొత్తం కట్టడానికి సిద్ధపడినా జేమీ వార్డీ లెస్టర్‌లోనే కొత్త కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ క్లబ్ అప్పుడే లీగ్ గెలిచింది, జట్టు ఆట మొత్తం అతని పరుగు చుట్టూ అల్లుకుని ఉంది. టొట్టి 1993 నుంచి 2017 దాకా రోమాకే ఆడాడు, 786 మ్యాచ్‌లు, 307 గోల్స్. స్టీవెన్ గెరార్డ్ 2005 జులైలో లివర్‌పూల్ కొత్త కాంట్రాక్టు కాదన్నాడు, మరునాడే మనసు మార్చుకున్నాడు. వేన్ రూనీ 2010 అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద పెట్టిన ఫిర్యాదు జీతం గురించి కాదు, పెద్ద ఆటగాళ్లను తెస్తారన్న హామీ దొరకడం లేదని. కొద్ది రోజులకే ఐదేళ్లకు సంతకం చేశాడు. జీతం పెద్ద విషయమే, కాదనం. కానీ పక్కన ఎవరు ఆడతారు, కోచ్ ఉంటాడా, టైటిల్ కోసం ఆడతామా అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే జీతం ఒక్కటే ఆపదు. టోర్నీలు గెలిచినంత మాత్రాన ఆటగాడు ఆగిపోతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ వరసగా మూడు వేసవులు జట్టును బలపరచని యాజమాన్యం ఉంటే ఆటగాడు వెళ్తాడని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

2025లో ఒకే క్లబ్బులో, ఒకే వసంతంలో రెండు కథలు జరిగాయి. లివర్‌పూల్‌లో సలా, అలెగ్జాండర్ ఆర్నాల్డ్ ఇద్దరి కాంట్రాక్టులూ జూన్‌తో ముగుస్తున్నాయి. సలా తన ఇష్టాన్ని బయటికే చెప్పాడు, అతనికి తగిన డబ్బు ఇమ్మని అభిమానులు యాజమాన్యాన్ని ఉద్దేశించి బ్యానర్ కట్టారు. ఏప్రిల్‌లో రెండేళ్లకు సంతకం పడింది. ఆరేళ్ల వయసు నుంచీ అక్కడే పెరిగిన అలెగ్జాండర్ ఆర్నాల్డ్ మాత్రం మేలో వెళ్తున్నానన్నాడు. తర్వాతి మ్యాచ్‌లో సొంత మైదానంలోనే అతన్ని గేలి చేశారు. అతని కాంట్రాక్టు 2021లో రాసుకున్నది. రెండేళ్లు మిగిలిన వేసవి 2023. తేల్చుకోవాల్సిన సమయం అది. నాలుగేళ్ల కాంట్రాక్టు చివరి నెలలో గేలి చేస్తే ఎవరికి లాభం?

ఇప్పుడు అడిగే పద్ధతి. బ్యానర్ కట్టేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అక్షరాల దగ్గర. పది అడుగుల దూరానికి అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉంటే సులువుగా చదవవచ్చు. మైదానానికి అవతలి నుంచి, అంటే 300 అడుగుల నుంచి కనబడాలంటే 30 అంగుళాల అక్షరాలు కావాలి. ఆ లెక్కన ఐదారు మాటలకు మించి పట్టవు, పట్టించకండి. లేత గుడ్డ మీద ముదురు రంగు వాడండి. ఆటగాడి మాతృభాషలో రాయండి, ఆ భాష వచ్చినవాళ్ల చేత ముందే చదివించండి. ఒక్క అక్షరం తప్పు పోతే మర్నాడు వార్త అదే అవుతుంది. గుడ్డ అంచు మడిచి కుట్టి లోపల తాడు పోనివ్వాలి, లేకపోతే గాలికి తెరచాపలా పొంగి చేతుల్లోంచి ఊడుతుంది. చాలా మైదానాల్లో పెద్ద బ్యానర్లకు నిప్పు అంటుకోని గుడ్డ అన్న ధ్రువపత్రం అడుగుతారు. అది కొన్న చోటే తీసుకోవాలి. ప్రకటనల బోర్డులను, మెట్ల దారిని, బయటికెళ్లే ద్వారాన్ని కప్పితే సిబ్బంది వెంటనే తీసేస్తారు. ఆట మొదలయ్యాక వెనక వరసల వాళ్లకు అడ్డం కాబట్టి, జట్లు మైదానంలోకి నడిచి వచ్చే రెండు మూడు నిమిషాలే దానికి సమయం. కెమెరా ఉన్న వైపుకు ఎదురు స్టాండ్ ఎంచుకోండి.

రాసే మాటలు కూడా ముఖ్యమే. ‘వెళితే ద్రోహివి’ అన్నది విన్నపం కాదు. 2010లో రూనీ ఇంటి ముందు ముసుగులేసుకున్న గుంపు చేరింది. అలాంటి పని ఏ ఆటగాణ్నీ ప్రేమతో ఆపదు. ఇంట్లో భార్యాపిల్లలు భయపడిన రోజు, ‘వెళ్లిపోదాం’ అన్న మాట ఆ ఇంట్లోంచే వస్తుంది. ఫ్లోరెన్స్ క్లబ్ ఫియొరెంతీనా 1990 మేలో రొబెర్టో బాజియోను యువెంటస్‌కు అమ్మినప్పుడు వీధుల్లో అల్లర్లు జరిగి పదుల మంది గాయపడ్డారు. అమ్మకం ఆగలేదు. పైగా ఆ కోపంలో ఒక నిజం మరుగున పడింది, బాజియోకు కూడా వెళ్లాలని లేదు. 1991 ఏప్రిల్‌లో అదే మైదానానికి యువెంటస్ తరఫున వచ్చినప్పుడు పెనాల్టీ కొట్టనన్నాడు, బయటికి వెళ్తూ స్టాండ్ నుంచి విసిరిన ఫియొరెంతీనా కండువా తీసుకున్నాడు.

2025 వేసవిలో స్పెయిన్‌లోని బిల్బావోలో నీకో విలియమ్స్ బార్సిలోనాకు వెళ్తాడన్న వార్తలొచ్చినప్పుడు, అతని గోడబొమ్మను ఎవరో పాడుచేశారు. జులై మొదట్లో అతను 2035 దాకా ఆ ఊరి క్లబ్ అథ్లెటిక్‌తో సంతకం చేశాడు, క్లాజ్ మొత్తాన్ని 50 శాతానికి పైగా పెంచారు. గోడ చెరిపితే ఉన్నాడనుకోవద్దు. అతన్ని లీగ్‌లో నమోదు చేయగలరా లేదా అన్న అనుమానం బార్సిలోనా వైపు గట్టిగా ఉండేది, ఇటు సొంత క్లబ్ పదేళ్ల భద్రత చూపించింది.

సభ్యుల క్లబ్ కాని చోట, యజమాని ఒక్కడే అయిన చోట ఏం చేయాలి? ఇంగ్లండ్ పెద్ద క్లబ్బుల్లో అభిమానుల సలహా మండళ్లున్నాయి. ఉన్నచోట అక్కడ లిఖితపూర్వకంగా అడగండి. పలానా ఆటగాడి జీతం ఎంత అని అడిగితే ‘వ్యక్తిగతం’ అని తప్పించుకుంటారు. ‘మొదటి జట్టు ఆటగాళ్లలో రెండేళ్లకన్నా తక్కువ గడువు మిగిలినవాళ్లు ఎంతమంది, చర్చలు ఏ దశలో మొదలుపెట్టడం మీ విధానం, జీతాల ఖర్చు ఆదాయంలో ఎన్నో వంతు’ అని అడిగితే తప్పించుకోవడం కష్టం. జవాబును మినిట్స్‌లో రాయించండి. మరుసటి ఏడాది ఆ కాగితమే మీ ఆధారం.

చిన్న క్లబ్బుల సంగతి వేరు, దీన్ని తొందరగానే ముగిస్తాం. వాటికి ఆటగాణ్ని అమ్మడమే జీవనాధారం. అక్కడ ‘వెళ్లకు’ అనేకన్నా ‘ఊరికే వెళ్లనివ్వకండి’ అని క్లబ్బును అడగడం మేలు. తదుపరి అమ్మకంలో వాటా రాయించుకున్నారా అని అడగండి. గడువు ఉండగా వేరే దేశపు క్లబ్బుకు ఫీజు మీద వెళితే, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి ఆట నేర్పిన క్లబ్బులన్నిటికీ కలిపి ఆ ఫీజులో 5 శాతం చేరాలి. 12 నుంచి 15 దాకా ఏడాదికి 0.25 శాతం, ఆ పైన ఏడాదికి 0.5 శాతం. పన్నెండో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా పెంచిన క్లబ్బుకు 2.5 శాతం, 5 కోట్ల యూరోల ఫీజు మీద 12.5 లక్షలు. గడువు తీరి వెళితే ఇందులో ఒక్క యూరో కూడా రాదు. ఆ సొమ్ముతో పిల్లల మైదానం ఏళ్ల తరబడి నడుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విజ్ఞప్తి. ‘పలానా స్టార్ వెళ్తున్నాడట’ అని వేసిన ప్రతిసారీ ఆ వార్త కింద నాలుగు విషయాలు వేయండి: కాంట్రాక్టు ముగిసే నెల, సంవత్సరం; రిలీజ్ క్లాజ్ ఉందో లేదో, బయటపడిన మొత్తం ఎంతో; అతన్ని కొన్నారా, అకాడమీలో పెరిగాడా; క్లబ్ లెక్కల సంవత్సరం ముగిసే తేదీ. ఇవి ఉంటే అమ్మేది క్లబ్బో, వెళ్లేది ఆటగాడో పాఠకుడే తేల్చుకుంటాడు. మూడేళ్లు మిగిలిన ఆటగాళ్ల జాబితాను సీజన్ మొదలవగానే ఒకసారి వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
కొందరు ఫుట్‌బాల్ అభిమానులు